గోలీలు మానిన పద్దెనిమిది రోజులు

ముందే చెబుతున్నాను, ఈ కథ చెప్పే మనిషి రోజూ రెండు గోలీలు మింగుతాడు. చావు కబురు చల్లగా చెప్పినట్టు అనిపిస్తే తప్పు గోలీలది, నాది కాదు. నేను ఏడవాల్సిన చోట ఏడవకపోతే మీరు ఏడవండి. నాకేం అభ్యంతరం లేదు.

నా పేరు సారంగపాణి. మణుగూరు దగ్గర ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో ఇరవై రెండేళ్లు మట్టి మోసే డంపర్ లారీ నడిపాను. ఏడేళ్ల నుంచి పంపు దగ్గర ఉంటున్నాను. గని అడుగున నీళ్లు చేరితే బటన్ నొక్కాలి, నీళ్లు తగ్గితే మళ్లీ నొక్కాలి. ఈ రెండు నొక్కుళ్ల మధ్య స్టూలు మీద కూర్చోవాలి. కంపెనీ మొత్తంలో నాకంటే తేలికైన పని నోటీసు బోర్డుదొక్కటే.

గోలీల్లో పెద్దది రిస్పెరిడోన్. అది మాటను ఆపుతుంది. మాటంటే నా మాట కాదు, నాకొక్కడికే వినపడే మాట. కాకపోతే ఆ పెద్ద గోలీ వల్ల చేతులు వణుకుతాయి. ఆ వణుకు తగ్గడానికి చిన్న గోలీ. పెద్దది చేసిన పాపానికి చిన్నది ప్రాయశ్చిత్తం అన్నమాట. అంత ప్రాయశ్చిత్తం చేసినా పాపం పూర్తిగా పోలేదు. చొక్కా గుండీలు పెట్టుకోవడానికి పావుగంట పడుతుంది. కూర్చుంటే పెదవి పక్క నుంచి చొంగ కారుతుంది. అరవై రెండు కిలోల మనిషిని తొంభై దాటాను. నడిస్తే చేతులు ఊగవు, రెండు పక్కలా బకెట్లు మోస్తున్నట్టు నడుస్తాను. ముఖం సంగతి చెప్పనక్కరలేదు. ఆధార్ కార్డు ఫొటో నాకంటే హుషారుగా ఉంటుంది.

ఇవి బయటికి కనపడేవి. లోపలిది ఒకటుంది. రెండేళ్ల క్రితం నేలకొండపల్లిలో మా అమ్మ బతుకమ్మ చనిపోయింది. నన్ను ఒంటిచేత్తో పెంచిన మనిషి. పాడె మోశాను, నిప్పు పెట్టాను, వచ్చి రెండు ప్లేట్లు అన్నం తిన్నాను. కంట్లో చుక్క నీరు రాలేదు. "వీడు మనిషా, బండరాయా" అని మా మేనమామ అందరి ముందూ అన్నాడు. కోపం కూడా రాలేదు. అమ్మ చనిపోయిందని నాకు తెలుసు. తెలియడం వరకే నా పని, ఆ తర్వాతిది జరగలేదు.

అయితే ఈ గోలీలు ఎందుకని అడుగుతారేమో. ఏడేళ్ల క్రితం డంపర్ క్యాబిన్‌లో ఉండగా ఒక గొంతు "ఓయ్ సారంగం" అని పిలిచింది. వాకీటాకీ అనుకున్నాను. వాకీటాకీ కట్టేసినా పిలిచింది. మూడు నెలల పాటు అది నాకు లోకం గుట్టంతా విప్పి చెప్పింది. చివరికి ఒక రోజు, ధన్‌సింగ్ ఇచ్చిన చాయ్‌లో విషం కలిసి ఉందని చెప్పింది. ధన్‌సింగ్ నాతో పదిహేనేళ్లు ఒకే షిఫ్టు చేసినవాడు, టేకులపల్లి వైపు తండా మనిషి, చీమకు కూడా దారిచ్చే రకం. వాడి దవడ మీద స్పానర్‌తో కొట్టాను. దవడ రెండు చోట్ల విరిగింది. పోలీసులు వస్తే "మెట్ల మీద జారిపడ్డ సార్" అన్నాడు. ఇప్పటికీ జొన్న రొట్టె గట్టిగా ఉంటే పప్పులో నానబెట్టుకుని తింటాడు. ఇప్పటికీ నాకు చాయ్ తెచ్చిస్తాడు.

ఖమ్మంలో మెంటల్ డాక్టరు మందు మొదలుపెట్టాక నెలన్నరకు మాట ఆగింది. కాబట్టి గోలీలను నేను తిట్టను. అవి లేకపోతే ధన్‌సింగ్ దవడతోనే ఆగేది కాదు నా చెయ్యి.

మా అమ్మాయి మధులతకు అప్పుడు పదిహేడేళ్లు, ఇంటర్ చదువుతోంది. మొదట్లో కొన్ని రోజులు నేను గోలీని బుగ్గలో దాచి కాలువలో ఉమ్మేసేవాణ్ణి. ఆ పిల్ల పట్టేసింది. అప్పటి నుంచి రోజూ పొద్దుగూకే వేళ అన్నం తినగానే అరచేతిలో రెండు గోలీలు పెట్టి ఎదురుగా నిలబడుతుంది. మింగాక "నాలుక ఎత్తు నాన్నా" అంటుంది. ఎత్తుతాను. "బుగ్గలు చూపెట్టు." చూపిస్తాను. తల్లి బిడ్డకు చేయాల్సిన పని బిడ్డ తండ్రికి చేస్తోంది. ఈ చెప్పబోయే రోజులు తప్ప, ఏడేళ్లలో ఒక్క పూట తప్పలేదు.

ఇక అసలు సంగతికి వస్తాను. మా బొగ్గు బాయిల్లో ఒక పద్ధతి ఉంది. జబ్బుతో పని చేయలేకపోతే మెడికల్ బోర్డుకు పెట్టుకోవచ్చు. బోర్డు డాక్టర్లు అన్‌ఫిట్ అని రాస్తే ఆ ఉద్యోగం ఇంట్లో ఒకరికి వస్తుంది. అందుకే ఇక్కడ అన్‌ఫిట్ అంటే లడ్డూలు పంచుతారు, ఫిట్ అంటే తల పట్టుకుని కూర్చుంటారు. బయటివాళ్లకు ఇది తలకిందులుగా కనిపిస్తుంది కానీ మాకు అలవాటే. అయితే సర్వీసు రెండేళ్లకు తగ్గితే ఆ దారి మూసుకుపోతుంది. నాకు రెండేళ్ల రెండు నెలలు మిగిలింది. అంటే ఆ దారి మూసుకునేలోపు నాకు అందే బోర్డు ఒక్కటే.

మధులత డిగ్రీ అయ్యి మూడేళ్లు. సర్కారు ఉద్యోగాల పరీక్షలు రెండు రాస్తే, ఒకటి రెండు మార్కుల తేడాతో పోయాయి. భద్రాచలంలో ఒక బట్టల షాపులో బిల్లు కౌంటరులో చేస్తోంది. పొద్దున ఏడింటి బస్సుకు వెళ్లి గోదావరి దాటి, రోజంతా నిలబడే ఉండి, సాయంత్రం ఇల్లు చేరుతుంది. ఇరవై నాలుగేళ్లకే కాళ్ల మీద నరాలు నీలంగా ఉబ్బాయి. కొడుకు లేడు, వేరే బిడ్డ లేదు. ఉద్యోగం వస్తే ఆ పిల్లకే రావాలి.

మార్చి నెలలో యూనియన్ సంపత్ మా క్వార్టర్‌కు వచ్చాడు. అతనికి మా ఏరియాలో బోర్డు వ్యవహారాలు అన్నీ తెలుసని పేరు. కుర్చీ ముందుకు లాక్కుని కూర్చున్నాడు.

"పాణన్నా, సూటిగ చెప్త. గోలీలు మింగుకుంట పోతే నువ్వు మంచిగ, నెమ్మదిగ కనపడ్తవ్. బోర్డు సార్లకు నీ రోగం కనపడాలె. కనపడాలంటే మందు బంజెయ్యాలె. పదిహేను ఇరవై రోజులు ముందుగాల ఆపితే సరిపోతది."

మా ఆవిడ రోజారాణి వంటింటి గుమ్మంలోంచి అంది. "ఒక్క పూట గూడ బంజెయ్యొద్దని ఖమ్మం డాక్టరు సారు చిలక్కి చెప్పినట్టు చెప్పిండు గద సంపతూ."

"బోర్డు అయినంక మల్ల మింగుతడు గద అక్కా. ఇరవై రోజులకే కొంపలేం మునగవు. పిల్ల బతుకు నిలబడ్తది, సూస్కోరాదు."

రోజారాణి మధులతను చూసింది. మధులత నేలను చూసింది. ముగ్గురూ నన్ను చూశారు.

"నువ్వేమంటవన్నా?" అన్నాడు సంపత్.

"అవ్. బంజేద్దాం" అన్నాను.

పెద్ద త్యాగం చేశానని మీరు అనుకుంటే పొరపాటు. భయం లేనప్పుడు ఒప్పుకోవడం కష్టమేమీ కాదు. ఆ పూట కరెంటు బిల్లు కట్టమన్నా అదే గొంతుతో సరేననేవాణ్ణి. మధులత లేచి, ఫ్రిజ్ మీద ఉన్న గోలీల షీట్లు తీసి తన హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంది. వద్దనలేదు. వద్దనలేదని ఆ తర్వాత ఎన్నిసార్లు కుమిలిందో నాకు తెలుసు. దాని తప్పు ఏమీ లేదు. నిలబడి నిలబడి కాళ్లు వాచిన పిల్ల, కూర్చునే ఉద్యోగం కావాలనుకుంది.

మొదటి నాలుగు రోజులు నిద్ర లేదు. అందరూ నన్ను పొయ్యి మీద పాలను చూసినట్టు చూశారు. రోజారాణి కత్తిపీట తీసుకెళ్లి పక్క క్వార్టర్‌లో పెట్టి వచ్చింది. పాలు పొంగలేదు.

ఆరో రోజు గుండీలు మామూలుగా పెట్టుకున్నాను. ఎనిమిదో రోజు దిండు తడిగా లేదు. తొమ్మిదో రోజు చింతచిగురు పప్పు వండితే, ముద్ద నోట్లో పెట్టుకోగానే ఆగిపోయాను. ఏడేళ్లుగా ఆ పప్పే తింటున్నాను, అది పుల్లగా ఉంటుందన్న సంగతే మరిచిపోయాను.

"ఏమైంది? ఉప్పెక్కువైందా?" అంది రోజారాణి.

"పుల్లగున్నది" అన్నాను.

"చింతచిగురు పుల్లగుండక తియ్యగుంటదా?"

నాకు నవ్వు వచ్చింది. ముందు చిన్నగా, తర్వాత కడుపు పట్టుకునేదాకా. రోజారాణి భయపడి మధులతను పిలిచింది. ఇదేనేమో ఆ రోగం అనుకున్నారిద్దరూ. కాదు, ఉత్త నవ్వు. కాసేపటికి వాళ్లూ నవ్వారు.

ఆ తర్వాత రోజులు ఎలా గడిచాయో చెప్పాలంటే, ఇప్పుడు నాకు అది ఎవరో చెప్పగా విన్న కథలా ఉంది. అయినా చెబుతాను. డ్యూటీకి వెళ్లే దారిలో అడవి అంచున ఇప్పపూలు రాలి ఉంటే ఆ వాసనకు స్కూటర్ ఆపి నిలబడ్డాను. పంపు దగ్గర ధన్‌సింగ్ చాయ్ ఇస్తే, గ్లాసు పట్టుకుని వాడి దవడ వంక చూశాను. కుడి పక్క సొట్ట ఉంది. ఏడేళ్లుగా రోజూ చూసిన ముఖమే. "నన్ను క్షమించురా" అన్నాను. వాడు కంగారుపడ్డాడు. "ఏందన్నా పొద్దు పొద్దుగాల? చాయ్ తాగు సల్లారుతది" అన్నాడు. వాడి చెయ్యి పట్టుకుని వదలలేదు. సిగ్గు అంటే ఎంత బరువో ఆ రోజు తెలిసింది.

పదమూడో రోజు బీరువాలో తువ్వాలు కోసం వెతుకుతుంటే అమ్మ ఆకువక్కల సంచి దొరికింది. ఆకుపచ్చ గుడ్డ, లోపల ఎండిన సున్నం డబ్బీ. వాసన చూశాను. రెండేళ్ల క్రితం రావాల్సిన ఏడుపు అప్పుడు వచ్చింది. నేల మీద కూర్చుని "అమ్మా" అని అరిచి ఏడ్చాను. రోజారాణి పరుగెత్తుకొచ్చి నా తల తన కడుపుకు అదుముకుంది. మధులత గుమ్మంలో నిలబడి తనూ ఏడ్చింది. తర్వాత ముగ్గురం ముక్కులు తుడుచుకుని ఉప్మా తిన్నాం. అంత హాయిగా ఏ పండక్కీ లేదు.

డంపర్ రోజుల్లో నేను ఈల వేసేవాణ్ణి. డ్యూటీ దిగి వీధి మలుపు తిరిగేటప్పుడు వేస్తే, చిన్నప్పుడు మధులత ఎక్కడున్నా గేటు దగ్గరికి ఉరికొచ్చేది. పదిహేనో రోజు సాయంత్రం ఆ పిల్ల బస్సు దిగి వచ్చే వేళకు గేటు దగ్గర నిలబడి ఈల వేశాను. మధులత రోడ్డు మధ్యలోనే ఆగిపోయింది. తర్వాత, ఇరవై నాలుగేళ్ల పిల్ల, హ్యాండ్‌బ్యాగు చంకలో పెట్టుకుని ఉరికొచ్చింది. ఎదురింటివాళ్లు చూస్తున్నా పట్టించుకోలేదు.

బోర్డు సంగతి ముగ్గురమూ ఎత్తలేదు. ఆ రోజులు దేనికోసం మొదలయ్యాయో గుర్తుపెట్టుకోవడానికి ఎవరికీ మనసొప్పలేదు.

పంతొమ్మిదో రోజు పొద్దున బోర్డు. నేనూ మధులతా కొత్తగూడెం వెళ్లాం. సంపత్ ముందే వచ్చి వరండాలో ఎదురుచూస్తున్నాడు. నన్ను చూడగానే వాడి ముఖం మాడింది.

"ఏందన్నా, పెండ్లికొడుకు లెక్కున్నవ్? ఇను. లోపల ఏమడిగినా మాట్లాడకు. ఫ్యాను దిక్కే చూడు. పేరడిగితే గూడ చెప్పకు."

"అవ్" అన్నాను.

మా పక్కన బిచ్యా కూర్చున్నాడు. అతనూ ఖమ్మం డాక్టరు దగ్గరికే వస్తాడు, నేను మింగే గోలీలే మింగుతాడు. ఇల్లందు వైపు తండా అతనిది. వాళ్లకు సంపత్ లాంటి తెలివైనవాడు దొరకలేదు, పాపం రోజూ మింగుతూనే వచ్చాడు. చేతులు మోకాళ్ల మీద వణుకుతున్నాయి, గడ్డం మీద చొంగ కారుతోంది, పిలిస్తే తల తిప్పడానికే అర నిమిషం పట్టింది. లోపలికి వెళ్లి పది నిమిషాల్లో బయటికొచ్చాడు.

నన్ను పిలిచారు. ముగ్గురు డాక్టర్లు. నేను బుద్ధిగా ఫ్యాను వంక చూశాను. పేరడిగారు, ఫ్యాను. ఊరడిగారు, ఫ్యాను. అంతా సవ్యంగానే నడుస్తోంది. అప్పుడు మధ్యలో కూర్చున్న పెద్దాయన నా ఫైలు తిప్పుతూ పక్కనున్న కుర్ర డాక్టరును అడిగాడు. "డంపర్ ఆపరేటరట. అంత పెద్ద బండిని మట్టి పోసే డంపు అంచున ఎలా తిప్పుతారోయ్?"

"రివర్స్‌లో సరిగ్గా అంచు దాకా వెళ్లి, బ్రేక్ వేసి పోస్తారు సార్" అన్నాడు కుర్రాయన, అంతా తెలిసినవాడిలాగా.

నా కళ్లు ఫ్యాను మీంచి దిగిపోయాయి. ఇరవై రెండేళ్లు నడిపినవాడి ముందు ఆ మాట అంటే ఎలా ఊరుకోవడం?

"తప్పు సారూ. అంచు దాక పోతే మట్టితోని నువ్వు గూడ కిందికే. అంచుకు ముందుగాల మట్టికట్ట పోస్తరు. ఎనక టైరు దానికి తాకీ తాకనట్టు ఆపాలె. గది అద్దంల కనపడది. సీటు కింద తెలుస్తది." రెండు చేతులూ గాల్లో స్టీరింగ్ మీద పెట్టి చూపించాను. వర్షాకాలం కట్ట ఎలా జారుతుందో, బరువు ఎటు ఒరుగుతుందో, సిగ్నల్‌మన్ చెయ్యి కనిపించకపోతే ఎందుకు కదలకూడదో చెప్పాను. ఏడేళ్ల తర్వాత నాకు తెలిసిన సంగతి నా నోట ఒకరు వింటున్నారు. ఆపబుద్ధి కాలేదు. పెద్దాయన గడ్డం కింద చెయ్యి పెట్టుకుని చిరునవ్వుతో విన్నాడు.

"చేతులు ముందుకు చాపు." చాపాను. వేళ్లు బల్ల మీద గీసిన గీతల్లా నిలబడ్డాయి. "నాలుక బయటపెట్టు." పెట్టాను. "అటు నడువు." చేతులు ఊపుకుంటూ నడిచాను.

"చాలా బాగున్నావయ్యా" అన్నాడాయన. "మందులు బ్రహ్మాండంగా పనిచేస్తున్నాయి. ఇవే కంటిన్యూ చెయ్యి. ఒక్క పూట కూడా మానకు."

ఫిట్ అని రాశాడు. ఆయన తప్పు ఏముంది? కళ్ల ముందు కనిపించిందే రాశాడు.

వరండాలో బిచ్యా వాళ్లు లడ్డూలు పంచుతున్నారు. బిచ్యాకు ఏమీ పట్టినట్టు లేదు, చేతిలో లడ్డూ వణుకుతోంది. అతని భార్య లాలి మధులత చేతిలో ఒకటి పెట్టి, "మీది గూడ అయిందా బిడ్డా?" అని అడిగింది. మధులత లేదన్నట్టు తలూపి, లడ్డూ మొత్తం తినేసింది. ఏం చేస్తుంది మరి.

సంపత్ గోడకు ఆనుకున్నాడు. "కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటరే, గట్లయింది. మింగుకుంటనే రావాల్సిందన్నా. మీ రోగం గాదు, ఆ గోలీల వణుకే పని జేస్తదని నాకేమెరుక?"

మణుగూరు బస్సు ఎక్కాం. కిటికీ పక్కన మధులత, ఇటు నేను. పాల్వంచ దాటింది. నా లోపల అప్పుడు గోలీ లేదు కాబట్టి ఏ బాధా తప్పించుకోలేదు. ఫ్యాను వంక ఇంకో ఐదు నిమిషాలు చూసి ఉంటే ఈ పిల్లకు రేపటి నుంచి ఆ షాపులో నిలబడే పని ఉండేది కాదు. నా నోటి దూల బిడ్డ బతుకు తీసింది.

"నన్ను తిట్టు బిడ్డా" అన్నాను.

"ఎందుకు నాన్నా? పోతే పోయింది." నా భుజం మీద తల ఆనించింది. "నువ్వు ఈలేసినవ్ గద. ఏడేండ్లయింది నేను ఇని. నాకదే సంతోషం."

అంతకంటే ఎక్కువ ప్రేమ నా జన్మలో నాకు తెలిసి రాలేదు. అమ్మ మీద ఒట్టు.

బస్సు బూర్గంపాడు అడ్డరోడ్డు మీద ఆగింది. ఎండ మండుతోంది. మధులత బ్యాగులోంచి నీళ్ల సీసా తీసి, "తాగు నాన్నా, మొకం వాడిపోయింది" అని ఇచ్చింది.

"ఓయ్ సారంగం."

వెనక సీటు నుంచి. చూశాను. ఖాళీ.

"సీసా మూత ముందే తీసుంది, చూడు."

చూశాను. నిజమే, సీలు లేదు.

"బోర్డు పోయింది. ఇంకొక్క దారే ఉంది. నువ్వు డ్యూటీలో ఉండగా చస్తే కూడా ఉద్యోగం పిల్లకే. లెక్క సరిపోయిందా?"

మా పద్ధతులు దానికి నాకంటే బాగా తెలుసు. అది చెప్పింది అబద్ధమేమీ కాదు. సర్వీసులో మనిషి పోతే ఇంట్లో ఒకరికి ఉద్యోగం ఇస్తారు. మధులత చేతి వంక చూశాను. సన్నటి చెయ్యి, బిల్లు సిరా మరక ఉన్న చూపుడువేలు. ఆ చెయ్యి నాకు విషం ఇస్తోంది. అనుమానం కాదు, మీకు మీ పేరు తెలిసినంత గట్టిగా తెలిసింది. కిందికి చూస్తే నా కుడి చెయ్యి ఒడిలో పిడికిలి బిగించి ఉంది. స్పానర్ పట్టిన చెయ్యే అది.

మధులత పిడికిలి చూసింది. నా కళ్లలోకి చూసింది. దాని ముఖంలో రక్తం దిగిపోయింది. మెల్లగా సీసా వెనక్కి తీసుకుని, తను రెండు గుక్కలు తాగి మళ్లీ నా ఎదుట పట్టుకుంది. నేను అందుకోలేదు.

హ్యాండ్‌బ్యాగు జిప్పు తీసి, మధులత పద్దెనిమిది రోజులుగా మోస్తున్న షీట్లు తీసింది. పెద్ద గోలీ, చిన్న గోలీ అరచేతిలోకి నొక్కింది. చెయ్యి వణుకుతోంది. ఈసారి నాది కాదు, దానిది.

"నాలుగు రోజులాగుదాం బిడ్డా" అన్నాను. బతిమాలాను. "ఇప్పుడిప్పుడే నిన్ను సక్కగ చూస్తున్న."

"మరి నీళ్లెందుకు తాగలే నాన్నా?"

సీసా వంక చూశాను.

"గోలీలు కూడా మార్చేసింది" అంది వెనక సీటు. "రంగు చూడు."

రంగు నిజంగానే వేరుగా కనిపించింది. ఇప్పుడు చెప్పేది ఎవరికీ చెప్పని మాట. ఆ గోలీలు నన్ను బాగుచేస్తాయని నమ్మి మింగలేదు. అవి విషమనే నమ్మాను. చివరి దాకా నమ్మాను. విషమైతే విషమే కానీ, నేను పోతే దీనికి కూర్చునే ఉద్యోగం వస్తుంది, ఈ పిడికిలి దీని మీదికి లేవదు అనుకున్నాను. అరచేతిలోంచి రెండూ తీసుకుని నోట్లో వేసుకున్నాను. సీసా అందుకుని మొత్తం తాగాను.

బస్సు కదిలింది. మధులత కళ్ల నుంచి నీళ్లు ధారగా కారుతున్నాయి. అయినా నా వైపు తిరిగి, రోజూ అన్నట్టే అంది.

"నాలుక ఎత్తు నాన్నా."

ఎత్తాను.

ఎనిమిది నెలలైంది. బతికే ఉన్నాను, చూస్తూనే ఉన్నారు. మాట ఆగడానికి రెండు నెలలు పట్టింది, డాక్టరు మోతాదు పెంచాడు. వణుకు వచ్చింది, చొంగ వచ్చింది, చింతచిగురు చప్పబడింది. సర్వీసు రెండేళ్ల లోపుకు వచ్చేసింది కాబట్టి బోర్డు కథ ముగిసింది. మధులత ఏడింటి బస్సుకే వెళుతోంది. ధన్‌సింగ్ చాయ్ తెస్తే తాగుతున్నాను. దవడ సొట్ట కనిపిస్తుంది, సిగ్గు అనిపించదు. ఈల వేద్దామని రెండుసార్లు పెదవులు కూడగట్టాను, గాలి మాత్రం వచ్చింది. బాధపడ్డానా అంటే, లేదు.

బస్సులో నేను ఏమి నమ్మి మింగానో మధులతకు చెప్పలేదు. చెప్పినా ఈ ముఖం పెట్టుకుని చెబితే ఎవరు నమ్ముతారు? ఆ పిల్ల మటుకు అప్పటి నుంచి గోలీల కంటే నీళ్ల దగ్గరే ఎక్కువ భయపడుతోంది. గ్లాసు ఇచ్చేటప్పుడు నా చేతుల వంక చూస్తుంది. నేను రెండు చేతులతో అందుకుంటాను. చివరి చుక్క దాకా తాగుతాను. నాలుక ఎత్తి చూపిస్తాను, బుగ్గలు చూపిస్తాను. ఆ తర్వాత అది అడగకపోయినా, వణికే చేత్తో ఖాళీ గ్లాసు దాని ముందు బోర్లించి పట్టుకుంటాను. నేలమీద ఒక్క చుక్క కూడా పడదు. రోజూ చూపిస్తున్నాను.